కోడి పారే జాగాలో ఇల్లు

ఆదివారం పొద్దున టిఫిను వేళకి మా ఇంటికి ఫోను వచ్చిందంటే, సగం సార్లు అది బెంగళూరుకి కొత్తగా వచ్చిన బంధువులెవరో చేసిందే. కడప నుంచో, ఒంగోలు నుంచో ఉద్యోగానికి వచ్చి ఉంటారు, లేదా హైదరాబాదు నుంచి బదిలీ అయి ఉంటారు. రెండేళ్ళు బాడిగ ఇంట్లో ఉన్నాక "ఇంక కొనేద్దాం" అన్న ఆలోచన మొదలవుతుంది. "మీరు ఇక్కడ నాలుగు తరాల నుంచి ఉన్నారు కదా, ఏ పక్కన కొంటే మంచిది?" అని అడుగుతారు. మేము నోరు తెరిచేలోపే రెండో ప్రశ్న వస్తుంది: "అక్కడ మనవాళ్ళు ఉన్నారా?"

ముప్పై ఏళ్ళుగా మేము ఈ రెండు ప్రశ్నలకీ ఒకే జవాబు చెప్తూ వచ్చాం. మనవాళ్ళు ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడికే పొమ్మన్నాం. మారతహళ్ళి పక్క, వైట్‌ఫీల్డు పక్క, కె.ఆర్. పురం పక్క, ఈ మధ్య సర్జాపుర రోడ్డు. ఉగాది పచ్చడి ఇచ్చిపుచ్చుకునేదానికి మనుషులుంటారు, ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే సాయంత్రం కూర్చుని మాట్లాడుకునేదానికి తోడు ఉంటుంది అని చెప్పేవాళ్ళం.

అది చెడ్డ సలహా అని ఇప్పుడు అనుకుంటున్నాం. మనవాళ్ళ మధ్య ఉండటం తప్పని కాదు. ఇల్లు కొనేటప్పుడు ఆ నేల సంగతి తెలిసినవాళ్ళని అడగాలి. మనవాళ్ళు అని మనం పిల్చుకునేవాళ్ళకి ఆ సంగతి తెలీదు, ఎందుకంటే వాళ్ళూ మనలాగే నిన్నా మొన్నా వచ్చినవాళ్ళు. తెలిసినవాళ్ళు కాంపౌండు గోడకి అవతల, ఆ పాత ఊళ్ళో ఉంటారు. వాళ్ళతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా మనవాళ్ళు కోటి, కోటిన్నర మీద సంతకాలు పెట్టేస్తున్నారు.

ఎవరినో ఎత్తిపొడిచేదానికి రాస్తున్న మాట కాదిది. మొదట ఈ తప్పు చేసింది మేమే.

1993లో మా చిన్నత్తవాళ్ళు నెల్లూరు నుంచి బెంగళూరు వచ్చారు. మామకి ఇక్కడికి బదిలీ అయింది. ఏడాది తిరక్కముందే ఊరికి తూర్పున ఒక పల్లెని ఆనుకుని వేసిన లేఅవుట్‌లో ముప్పై-నలభై సైటు ఒకటి చూపించాం. చూపించింది మేమే, మామ వెతుక్కుని పోలేదు. అమ్మే ఆయన మా జిల్లా మనిషి. అప్పటికే అక్కడ కొన్న పది పన్నెండు మందీ తెలుగువాళ్ళే. ఇంకేం కావాలి అనుకున్నాం.

మామ రెండోసారి సైటు చూడబోయినప్పుడు ఎనుములు మేపుకుంటున్న ఒక అవ్వ ఆయన్ని పలకరించిందట. "ఈడ ఇల్లు కడ్తారా నాయనా? ఇది కోడి పారే జాగా" అందట. ఆ రాత్రి మా ఇంట్లో అన్నాల దగ్గర మామ ఈ మాట చెప్పి, "మనం కట్టుకుంటే పాపం ఆమె కోళ్ళు తిరిగేదానికి చోటుండదు గావాల" అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వాం.

ఆ అవ్వ కోళ్ళ గురించి చెప్పలేదు. కన్నడంలో కోడి అంటే చెరువు నిండి పొర్లిపోయే చోటు. కోస్తాలో అలుగు అంటారే, రాయలసీమలో మరవ అంటారే, నెల్లూరులో కలుజు అంటారే, అది. ఆ అవ్వది తెలుగే. అయితే చెరువు మాటలన్నీ ఈ పక్క కన్నడంలో కలిసిపోయి ఉంటాయి. ఆమె "కలుజు పారే జాగా" అని ఉంటే మామ అక్కడ ఒక్క నిమిషం నిలబడేవారు కాదు. నెల్లూరు మనిషికి కలుజు కింద ఇల్లు కట్టకూడదని ఒకరు చెప్పాలా? సరే, మామకి తెలీలేదు. మాకేమయింది? కన్నడంలో చదువుకున్న ఇల్లు మాది. ఆ మాట మాకు రాదని కాదు. తెలుగు వాక్యంలో వచ్చింది కాబట్టి తెలుగు మాటే అనుకున్నాం, అందులోనూ పల్లెటూరి అవ్వ చెప్పింది కాబట్టి కోళ్ళే అనుకున్నాం. పేటలో పుట్టి పెరిగినవాళ్ళం, చెరువు నిండి పారడం కళ్ళారా చూసినవాళ్ళు మాలో అప్పటికి ఎవరూ లేరు.

పదేళ్ళు ఏమీ కాలేదు. అదే అసలు మోసం. వానలు తక్కువైన ఏళ్ళలో చెరువు నిండేది కాదు, కోడి పారేది కాదు, ఆ జాగా మామూలు జాగాలాగే ఉండేది. 2005 అక్టోబరు వానలకి నీళ్ళు వాటి పాత దారిలో వచ్చాయి. ఇంట్లో మోకాటి లోతు. పుస్తకాల బీరువా, పెళ్ళినాటి పట్టుచీరల పెట్టె, బియ్యం, అన్నీ పోయాయి. నేల ఎత్తు పెంచి మళ్ళీ సర్దుకున్నారు. చెరువు కాలువల మీది కట్టడాలు కూల్చే పని నగరమంతా గట్టిగా నడిచిన 2016లో వాళ్ళ గోడ మీద ఎర్ర రంగు గుర్తు పడింది. కాంపౌండు గోడా, ముందు వరండాలో సగమూ కాలువ జాగాలో ఉన్నాయని కొలిచి చెప్పారు. గోడ పోయింది, ఇల్లు మిగిలింది. మిగిలిందని పేరే గానీ, అమ్ముదామంటే కొనేవాళ్ళకి బ్యాంకు అప్పు ఇవ్వదు. అత్త ఇప్పటికీ అందులోనే ఉంది. మామ పోయేదాకా మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే మాకు కొంచెం బాగుండేది.

ఇది మా ఇంటి కథే గానీ బెంగళూరు నేల కథ కూడా. ఈ ఊరు గట్టు మీద ఉన్న ఊరు. దగ్గర్లో పెద్ద నది లేదు. వాన నీళ్ళు గట్టు నుంచి మూడు లోయల్లోకి దిగుతాయి: హెబ్బాళ, కోరమంగల-చల్లఘట్ట, వృషభావతి. ఆ దిగే దారి పొడుగునా పాతకాలం వాళ్ళు ఒక చెరువు కింద ఇంకో చెరువు కట్టుకుంటూ పోయారు. పై చెరువు కోడి నీళ్ళు కాలువలో పారి కింది చెరువుని నింపాలి. ఆ కాలువలే రాజకాలువలు. కోరమంగల పక్క నీళ్ళు బెళ్ళందూరు చెరువుకి, అక్కడి నుంచి వర్తూరు చెరువుకి, ఆ తర్వాత దక్షిణ పినాకినికి చేరతాయి. (దక్షిణ పినాకినీ, మన నెల్లూరు పెన్న అయిన ఉత్తర పినాకినీ రెండూ నంది కొండల పక్కనే పుడతాయి. మామ ఏ నది చివర పుట్టారో దాని తోబుట్టువు దారిలోనే ఇల్లు కట్టారన్నమాట.)

ఇప్పుడు మనవాళ్ళు కొంటున్న ఏరియాలు చూడండి. ఎక్కువ భాగం ఈ దిగువ పక్కే. ఎందుకంటే ఐటీ ఆఫీసులు అక్కడున్నాయి, ఖాళీ నేల అక్కడ దొరికింది. పల్లెవాళ్ళు ఊరు కట్టుకోకుండా వదిలేసిన నేల ఎందుకు ఖాళీగా ఉండిందో మనం అడగలేదు. 2022 సెప్టెంబరులో యెమలూరులో, సర్జాపుర రోడ్డు లేఅవుట్లలో కోట్ల రూపాయల విల్లాల నుంచి జనాన్ని ట్రాక్టర్ల మీదా పడవల మీదా బయటికి తెచ్చారు. టీవీలో అందరూ చూశారు. "మేము పన్నెండో అంతస్తులో కొంటున్నాం, మాకేంటి?" అని ఒక అల్లుడు మమ్మల్ని అడిగాడు. మురికి నీళ్ళు బేస్‌మెంటులోకి వచ్చాక ట్రాన్స్‌ఫార్మరు ఆగుతుంది, జనరేటరు మునుగుతుంది, సంపులో తాగే నీళ్ళు పాడవుతాయి, లిఫ్టు నిలిచిపోతుంది. పన్నెండో అంతస్తులో డెబ్బై ఏళ్ళ తల్లి ఉంటే ఆ మూడు రోజులు ఎలా గడుస్తాయో అతన్ని ఆలోచించుకోమన్నాం.

కాలువకి ఎంత దూరంలో కట్టొచ్చు అన్న లెక్క కూడా ఒక చోట నిలబడలేదు. 2015 మాస్టర్ ప్లానులో చెరువుకి 30 మీటర్లు వదలాలన్నారు. 2016లో హరిత ట్రిబ్యునల్ 75 మీటర్లు చేసింది. 2019లో సుప్రీంకోర్టు ఆ 75ని కొట్టేసింది. బిల్డరు చేతిలో కాగితం ఏ ఏటి లెక్క ప్రకారం ఉందో చూసుకోవలసిందే. కానీ నీళ్ళకి ఈ తీర్పులేవీ తెలీవు.

మరి కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ నేల గుణం ఎలా తెలుస్తుంది? కొంత ఊరి పేర్లలో ఉంది. బొమ్మసంద్ర, సింగసంద్ర, జక్కసంద్ర, తిప్పసంద్ర: ఈ సంద్ర అంటే సముద్రం, అంటే పెద్ద చెరువు. కొంత పహణిలో ఉంది. మన అడంగల్ లాంటిదే ఇక్కడి పహణి, ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. అందులో నేల తరి అని ఉందా, ఖుష్కి అని ఉందా చూడండి. తరి అంటే మాగాణి, ఖుష్కి అంటే మెట్ట. ప్రభుత్వం వాళ్ళ దిశాంక్ యాప్ పెట్టుకుని ఆ జాగాలో నిలబడితే సర్వే నంబరు చూపిస్తుంది. ఆ నంబరు పట్టుకుని పాత గ్రామ నకాశె తీస్తే చెరువూ, కాలువా గీతలతో సహా కనిపిస్తాయి. కాగితాల మాట సరే. ఎక్కువ భాగం మాత్రం మనుషుల దగ్గరే ఉంది.

ఆ ఊరి రావిచెట్టు కట్ట, అరళికట్టె అంటారు ఇక్కడ, దాని మీద కూర్చున్న పెద్దాయన దగ్గర ఉంది. తూములు విప్పే పని చేసిన పాత నీరుగంటి ఇంట్లో ఉంది. వాళ్ళని "ఏరియా బాగుంటుందా?" అని అడిగితే మర్యాదకి "బాగుంటుంది" అంటారు. "చెరువు కోడి ఏ పక్క పారుతుంది? ఈ నేలలో ముందు ఏం పండేది?" అని అడగండి. రాగి పండేదంటే ధైర్యంగా ముందుకి పోండి. వరి అంటే అక్కడితో ఆపండి, మిగతా కాగితాలు చూడటం కూడా అనవసరం. మా లెక్క అంత మొండిదే.

ఇంకో సంగతి. హొసకోటె పక్క, వర్తూరు పక్క, సర్జాపుర, ఆనేకల్ పక్క చాలా పల్లెల్లో ఇంట తెలుగే మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. కోలారు, చింతామణి, బాగేపల్లి దాకా ఈ తెలుగు పరుచుకుని ఉంది. కైవార తాతయ్య తత్వాలు పాడింది ఈ నేల మీదే, తెలుగులోనూ కన్నడంలోనూ. అంటే "అక్కడ మనవాళ్ళు ఉన్నారా?" అన్న ప్రశ్నకి జవాబు ఎప్పటినుంచో ఉంది. కానీ ఆ "మనవాళ్ళు" లెక్కలోకి రారు. "యాడికి పోతా ఉండారు", "నీళ్ళు వస్తాది" అనే తెలుగు వినగానే కృష్ణా, గుంటూరు నుంచి వచ్చిన పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మాకు ఇది తెలుసు. మా ఇంట్లో పెళ్ళికి వచ్చిన విజయవాడ బంధువులు మా మాటలు విని ఎన్నిసార్లు నవ్వలేదు! "మీది తెలుగా, కన్నడమా?" అన్నది మేము చిన్నప్పటి నుంచీ వింటున్న ప్రశ్నే. అలాంటి మేమే ఆ అవ్వ మాటకి నవ్వాం. అపార్ట్‌మెంటులో ఉగాది కవి సమ్మేళనం పెట్టే తెలుగు సంఘం, గోడకి అవతల మూడు వందల ఏళ్ళుగా తెలుగు మాట్లాడుతున్న ఊరిని ఒక్కసారైనా పిలిచిందా? మేము చూసిన నాలుగైదు చోట్ల పిలవలేదు.

కన్నడం సంగతీ అంతే. "మనవాళ్ళే ఉన్నారు, కన్నడం రాకపోయినా గడిచిపోతుంది" అని ధైర్యం చెప్పింది కూడా మాలాంటి పాతకాపులే. గడిచిపోతుంది, నిజమే. కూరగాయలూ ఆటోలూ హిందీతోనో ఇంగ్లీషుతోనో గడిచిపోతాయి. సర్వేయరు, గ్రామ లెక్కాధికారి, పక్క పొలం రైతు, బోరు వేసే మేస్త్రీ: వీళ్ళతో మాట్లాడేటప్పుడు గడవదు. పత్రాలు కన్నడంలో ఉంటాయి. మధ్యవర్తి చదివి చెప్పిందే మీరు వింటారు, ఆయనకి కమీషను సంతకం పడ్డాకే. ఆరు నెలలు కన్నడ అక్షరాలు నేర్చుకోండి అంటే మనవాళ్ళు నామోషీ పడతారెందుకో. మన లిపికీ దానికీ ఎంత దగ్గరంటే, తెలుగు చదవగలిగినవాళ్ళకి పదిహేను రోజులు చాలు.

పోయే నీళ్ళ గురించి ఇంత చెప్పాం, వచ్చే నీళ్ళ గురించి కొంచెం. కావేరి నీళ్ళు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసుకుని తెచ్చుకునే ఊరు ఇది. 2007లో నగరంలో కలిపిన 110 పల్లెలకి కావేరి ఐదో దశ నీళ్ళు 2024 అక్టోబరులో గానీ మొదలవలేదు. పదిహేడేళ్ళు పన్ను నగరానికి కట్టి, నీళ్ళు బోరువి తాగారు. ఇప్పుడు వీధిలోకి లైను వచ్చిందంటే మీ సంపులోకి వచ్చిందని కాదు. కనెక్షనుకి డబ్బు కట్టారా, నీళ్ళు వస్తున్నాయా, వారానికి ఎన్ని రోజులు అని అక్కడ కాపురం ఉన్న ఆడవాళ్ళని అడగండి. అసోసియేషను ప్రెసిడెంటుని అడగొద్దు. ఆయన ఫ్లాటు ధర కూడా దాని మీదే ఆధారపడి ఉంది.

2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ట్యాంకర్ల ధరలు ఆకాశానికి పోతే, ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకరుకి 1,000 రూపాయలని కట్టడి చేశారు. ఆ కట్టడి ధరతోనే లెక్క వేద్దాం. మనిషికి రోజుకి 135 లీటర్లు అన్నది ప్రభుత్వ లెక్క. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. అలాంటి ఇళ్ళు 200 ఉంటే రోజుకి 1,08,000 లీటర్లు, అంటే తొమ్మిది ట్యాంకర్లు. నెలకి 2,70,000 రూపాయలు, ఇంటికి 1,350. ఇది అన్నీ సక్రమంగా జరిగితే. ఈత కొలను ఉన్న బ్రోచరు చూపించినప్పుడు ఆ తొమ్మిది ట్యాంకర్లు ఏ గేటు నుంచి లోపలికి వస్తాయని అడిగి చూడండి.

కాగితాల గురించి వకీలు చెప్తారు, ఆయన పని మేము చెయ్యం. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు తరచూ పొరబడే రెండు మూడు మాత్రం చెప్తాం. ఖాతా అంటే హక్కుపత్రం కాదు, పన్ను లెక్క. బీ ఖాతా అయితే ఆ పన్ను లెక్కకి కూడా ఒక మచ్చ ఉన్నట్టు. "పర్లేదు, తర్వాత ఎల్‌ఆర్‌ఎస్ వస్తుంది కదా" అంటారు, అక్కడి అలవాటుతో. ఇక్కడ అలాంటి అక్రమ-సక్రమ పథకాన్ని 2017లో సుప్రీంకోర్టు ఆపేసింది. ఈ మధ్య బీ ఖాతాని ఏ ఖాతా చేసుకునే వీలు గురించి మళ్ళీ ప్రకటనలు వస్తున్నాయి. ఖాతా మారినంత మాత్రాన కోడి దారి మారదు. ఇంకొకటి: దళితులకీ గిరిజనులకీ ప్రభుత్వం ఇచ్చిన భూమిని అనుమతి లేకుండా కొంటే చెల్లదని 1978 నుంచి ఇక్కడ చట్టం ఉంది. ఎంతమంది చేతులు మారినా ఆ భూమి వెనక్కి పోవచ్చు. ఇరవై ఏళ్ళ ఈసీ చూసి "క్లియర్" అన్నవాళ్ళకి అంతకు ముందరి మంజూరు కనిపించదు. మూలపత్రం దాకా పోవాలి.

ఇక మెట్రో. "రెండేళ్ళలో వస్తుంది" అన్న బోర్డు చూసి కొనకండి. వైట్‌ఫీల్డు లైనున్న రెండో దశకి 2014లో అనుమతి వచ్చింది. వైట్‌ఫీల్డు నుంచి కె.ఆర్. పురం దాకా రైలు 2023 మార్చిలో నడిచింది, అక్కడి నుంచి బైయప్పనహళ్ళి దాకా మిగిలిన రెండు కిలోమీటర్ల ముక్కకి మళ్ళీ అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఈ రోజు నడుస్తున్న రైలుని మాత్రమే లెక్కలో వేసుకోండి.

మా మాటకి మా ఇంట్లోనే ఎదురుచెప్పినవాళ్ళున్నారు. మా వదిన అంటుంది: "మీకేం, ఇక్కడే పుట్టారు. పురిటికి వచ్చిన తల్లి నాలుగు నెలలు నాలుగు గోడల మధ్య ఎవరితో మాట్లాడుతుంది? పక్కింట్లో తెలుగామె ఉంటే బిడ్డని ఒక గంట ఆమె దగ్గర పెట్టి బజారుకి పోవచ్చు. అది మీకు చిన్న విషయమా?" చిన్న విషయం కాదు. దీనికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇంకా చెప్పాలంటే, మా పెద్దలు చేసిందీ అదే. 1898లో ప్లేగు వచ్చాక పేట జనం బసవనగుడికీ మల్లేశ్వరానికీ కదిలారు. అవి ఆనాటి ఊరి బయట. మా ముత్తాతని కూడా రమ్మంటే "అక్కడ మనవాళ్ళు ఎవరున్నారు?" అని పేటలోనే ఉండిపోయాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఇప్పుడు మల్లేశ్వరంలో ఒక సైటు ధర విన్నప్పుడల్లా పిల్లలు ఆయన ఫోటో వైపు చూస్తారు. కాకపోతే, ముత్తాత ఉన్న వీధిలో వందల ఏళ్ళ కాపురాలున్నాయి. ఏ బావి ఎండుతుందో, ఏ గోడ నిమ్ముకొస్తుందో అక్కడ అందరికీ తెలుసు. మన అపార్ట్‌మెంట్లలో ఉన్న తెలుగు కుటుంబాలు రెండు వందలైనా, అందరూ ఒకే ఏడాది తాళాలు తీసుకున్నవాళ్ళు.

అందుకని ఇప్పుడు ఫోను చేసేవాళ్ళకి మేము ఏరియా పేరు చెప్పట్లేదు. ఏ ఏరియా మీద మనసు పడిందో అక్కడే ముందు బాడిగకి దిగమంటున్నాం. పదకొండు నెలల అగ్రిమెంటులో ఒక ఏప్రిల్, ఒక సెప్టెంబరు పడేలా చూసుకోమంటున్నాం. ఏప్రిల్లో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలుస్తుంది, సెప్టెంబరులో ఎక్కడికి పోతున్నాయో తెలుస్తుంది. మనవాళ్ళు ఇళ్ళు చూసేది డిసెంబరు, జనవరిల్లో. అప్పుడు బెంగళూరంతా అందంగానే ఉంటుంది. "ఈ లోపల ధర పెరుగుతుంది కదా" అంటారు. పెరుగుతుంది. ఏడాది బాడిగ కూడా ఖర్చే. మా అత్త ఇంటి మీద పోయినదాన్ని పక్కన పెట్టి చూస్తే అది ఎక్కువని మాకు అనిపించదు. ఆ పదకొండు నెలల్లో పాలు తెచ్చేదానికి గేటు బయటి ఊళ్ళోకి పోండి. మంగలి షాపుకి అక్కడికే పోండి. ఊరి జాతరకి పోయి కూర్చోండి, అన్నం పెడతారు. ఆ ఊరి దేవత పేరు తెలుసుకోకుండా ఆ ఊళ్ళో నేల కొనడం మాకు వింతగానే ఉంటుంది. అది మా పాతకాలం బుద్ధి అనుకున్నా సరే.

పోయిన నెల ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మనవడు వరస పిల్లవాడు ఒకడు సర్జాపురకి అవతల విల్లా ప్లాటు చూశాడు. మంచి రోడ్డు, గేటు, చుట్టూ మన జిల్లా పేర్లే. మేము చెప్పామని పక్క పల్లెలో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయనతో మాట్లాడి, అక్కడి నుంచే ఫోను చేశాడు. ఆ పూట అత్త మా ఇంట్లోనే ఉంది. ఫోను స్పీకరులో పెట్టాం.

"ఆయన చాలా మంచిగా మాట్లాడాడు. ఇదంతా ముందు గద్దె అంట. గద్దె అంటే ఎత్తు జాగా, మంచిదే కదా?"

ఎవరూ నవ్వలేదు. అత్త ఫోను దగ్గరికి జరిగి, "నాయనా, కన్నడంలో గద్దె అంటే వరిమడి. ఆ చెరువు కట్ట నీకు ఏ పక్కన కనిపిస్తా ఉంది, చూసి చెప్పు" అంది. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పైన ఉందవ్వా" అన్నాడు.